సున్నా గీత కింద గుట్టలు

ఆదివారం పొద్దున తార్నాకలో మా మేడమీది గదికి క్యాంపస్ హాస్టళ్ల నుంచి నలుగురైదుగురు పిల్లలు వస్తారు. లాప్‌టాప్‌లు వాళ్లవి, తీగలు నావి. ఉస్మానియాలో 1975లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ ముగించాను. ఆ తర్వాత నగరంలోనే ఒక డిగ్రీ కాలేజీలో 34 ఏళ్లు ఎలక్ట్రానిక్స్ చెప్పి 2011లో రిటైరయ్యాను. నా ఉద్యోగం మొదట్లో సిగ్నల్ జనరేటర్ అంటే ఇనుప పెట్టె, పెద్ద డయలు, వేడెక్కడానికి పావుగంట. చివర్లో అది కంప్యూటర్లోని సౌండు కార్డయింది. ఆ కార్డుతో రెక్టిఫై అయిన తరంగాలను మనకు కావలసిన ఆకారంలో తయారుచేసుకోవచ్చని తెలిశాక దాన్ని వదల్లేదు. దానితో నేను నేర్చుకున్న సంగతుల్లో చాలావరకు నా తప్పుల వెనకాలే వచ్చాయి. వరసక్రమం పాటించలేదు. గుర్తొచ్చినట్టు రాశాను, వినే ఓపిక నీకుందనే నమ్మకంతో.

1. గీసింది ఒకటి, తీగలోంచి వచ్చేది ఇంకొకటి.

2003 ప్రాంతంలో మా లాబ్‌లో తరంగాన్ని తెరమీద చూపే సీఆర్‌ఓలు నాలుగుంటే రెండే పనిచేసేవి. ఫంక్షన్ జనరేటర్ ఒక్కటే. దానికి నాబ్ ఊడిపోతే స్క్రూడ్రైవర్‌తో తిప్పేవాళ్లం. అలాంటి రోజుల్లో కాలేజీకి కొత్త కంప్యూటర్లు వచ్చాయి, అన్నిటికీ సౌండు కార్డులతో. సాఫ్ట్‌వేర్‌లో ఒక సైన్ తరంగం తీసుకుని దానికి ఆబ్సల్యూట్ వాల్యూ పెడితే చాలు, కింది సగాలన్నీ పైకి మడతపడి ఫుల్ వేవ్ రెక్టిఫయర్ ఆకారం తయారవుతుంది. డయోడ్ అక్కర్లేదు, ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు, పిల్లలకు షాక్ కొడుతుందన్న బెంగ లేదు. పాత ఇయర్‌ఫోన్ తీగ కోసి, ఒక చివర కార్డులో గుచ్చి, రెండో చివర సీఆర్‌ఓకి తగిలించి, కనిపించింది గీయమన్నాను.

క్లాసంతా మోడల్ గ్రాఫే గీసింది. పాఠ్యపుస్తకంలో ఉంటుందే, సున్నా గీత మీద వరసగా కూర్చున్న గుట్టలు, అది. నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు మాత్రం ఆ గుట్టల్ని గీత కిందికి ముంచేశాడు. ఐదు గడుల ఎత్తు గుట్టలో గీతకు పైన 1.8 గడులు, కింద 3.2 గడులు. నేను ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేశాను.

"సార్, స్క్రీన్ మీద ఇట్లనే ఉన్నది. ఒక్కసారొచ్చి చూడుండ్రి" అన్నాడు.

"రెక్టిఫయర్‌కి నెగటివ్ ఎక్కడిదయ్యా?" అన్నాను. తెలుగు మీడియం పుస్తకాల్లో రెక్టిఫయర్‌ని ఏకధిక్కరణి అంటారు. వెనక బెంచీలోంచి ఎవరో "సార్, వీడు ఏకంగా ధిక్కరించిండు" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. పదికి నాలుగు వేశాను. నాలుగడుగులు నడిచి ఆ స్క్రీన్ చూడలేదు.

చూసింది రిటైరైన మరుసటి ఏడాది, ఇంట్లో అదే ప్రయోగం నా సరదా కొద్దీ పెట్టుకున్నప్పుడు. గుట్టలు గీత కిందికి దిగే ఉన్నాయి. సౌండు కార్డు అవుట్‌పుట్ దగ్గర సాధారణంగా ఒక కెపాసిటర్ ఉంటుంది. మారే వోల్టేజిని అది పోనిస్తుంది, నిలకడగా ఉన్నదాన్ని ఆపేస్తుంది. ఆపకపోతే ఆ నిలకడ కరెంటు స్పీకరు కాయిల్‌ని ఒక పక్కకు నెట్టి వేడెక్కిస్తుంది. కనుక కార్డు తయారుచేసినవాడి తప్పేమీ లేదు. ఫుల్ వేవ్ తరంగం సగటు దాని శిఖరంలో 0.637 వంతు. కెపాసిటర్ ఆ సగటును మింగేస్తే తరంగం మొత్తం అంత మేరా కిందికి జారుతుంది. ఐదు గడుల్లో 3.2. ఆ పిల్లవాడు గడులు లెక్కపెట్టి మరీ గీశాడు.

2. సున్నాను ముందు వెతుక్కో, ఎత్తు తర్వాత కొలువు.

సీఆర్‌ఓ మీద ఏసీ, గ్రౌండ్, డీసీ అని మూడు స్థానాల మీట ఒకటుంటుంది. ఏసీలో పెడితే అక్కడా ఒక కెపాసిటర్ దారికి అడ్డొస్తుంది. బొమ్మ తెర మధ్యకు చక్కగా వస్తుందని ఏళ్ల తరబడి పిల్లలకు "ఏసీలోనే ఉంచండి" అని చెప్పినవాణ్ని నేను. డీసీని తయారుచేసే సర్క్యూట్‌ని, డీసీని కనపడనివ్వని మీటతో చూపించానన్నమాట. ఇప్పుడు గదికొచ్చే పిల్లలతో మొదట గ్రౌండ్‌లో పెట్టించి, ఆ గీత ఎక్కడుందో తెరమీద స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టిస్తాను. తర్వాతే మిగతా పని.

నిజంగా గీతమీద కూర్చున్న గుట్టలే కావాలనుకో, దారులున్నాయి. డీసీని కూడా వదిలే ఖరీదైన ఆడియో ఇంటర్‌ఫేస్‌లు కొన్ని దొరుకుతాయి. నా పద్ధతి చవక: ఒక ఆప్-ఆంప్, రెండు తొమ్మిది వోల్టుల బ్యాటరీలు, ఒక ప్రీసెట్. కార్డు మింగిన సగటును బయట మళ్లీ కలపడమే.

అయితే మిగిలిన ముక్కను పారేయకు. సగటు పోగా మిగిలేదాన్నే మనం రిపుల్ అంటాం. ఫుల్ వేవ్‌కు దాని ఆర్ఎంఎస్ విలువ శిఖరంలో 0.308 వంతు. దాన్ని 0.637తో భాగిస్తే 0.48. పరీక్ష కోసం బట్టీ పట్టించామే, రిపుల్ ఫ్యాక్టర్ 0.482 అని, అదే. హాఫ్ వేవ్ అయితే 0.386ను 0.318తో భాగించు, 1.21 వస్తుంది. పుస్తకంలో ఒక పేజీ లెక్క చేస్తే గాని దొరకని రిపుల్‌ని ఆ కార్డు వేరుచేసి చేతిలో పెడుతోంది. ఇది తెలిసిన రోజు రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు. సంతోషం కొంత, ఆ నాలుగు మార్కులు కొంత.

ఇంకొక మాట. అదే తీగకు ఇయర్‌ఫోన్ కూడా తగిలిస్తే గుట్టలు ఒక పక్కకు వాలిపోతాయి. 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్, 32 ఓముల ఇయర్‌ఫోన్ కలిస్తే దాదాపు 50 హెర్ట్జ్ దగ్గరే కోత మొదలవుతుంది. కొలిచేటప్పుడు వినకు, వినేటప్పుడు కొలవకు.

3. చెవి కూడా పరికరమే, దానికి ప్రోబ్ అక్కర్లేదు.

ఎమ్మెస్సీ చదివేటప్పుడు తార్నాక నుంచి ఆర్ట్స్ కాలేజీ ముందుగా నడిచి క్లాసుకు వెళ్లేవాణ్ని. దారిలో వాల్వు రేడియోలు బాగుచేసే ఒక పెద్దాయన చిన్న కొట్టు ఉండేది. చదువు ఉర్దూ మీడియంలో నాలుగో తరగతితో ఆగిందని ఆయనే చెప్పేవాడు. కరెంటును బర్ఖ్ అనేవాడు. మా ఇంటి రేడియో గొణుగుడు పెట్టిందని తీసుకెళ్తే వెనక మూత విప్పకుండానే చెవి ఆనించి, "రెక్టిఫయర్ వాల్వుల ఒక ప్లేటు పోయింది సార్. గొంతు కిందికి దిగింది, వినుండ్రి" అన్నాడు. నాకప్పుడు రెక్టిఫయర్ మీద పేపరు రాసి ఫస్ట్ క్లాసు మార్కులు తెచ్చుకున్న గర్వం. మనసులో నవ్వుకున్నాను. వాల్వు మార్చాడు, రేడియో బాగైంది.

ఆయన విన్నదేమిటో సౌండు కార్డుతో నలభై ఏళ్ల తర్వాత నాకు అర్థమైంది. నువ్వూ చేసి చూడు. 200 హెర్ట్జ్ సైన్ తరంగం విను. దాన్ని ఫుల్ వేవ్‌గా మార్చు. స్వరం ఒక్కసారిగా పై స్థాయికి ఎగురుతుంది, మంద్ర షడ్జమం మధ్య షడ్జమం అయినట్టు. గుట్టలు రెట్టింపయ్యాయి గనక ఇప్పుడది 400 హెర్ట్జ్. అసలు 200 జాడ కూడా లేదు. ఇప్పుడు హాఫ్ వేవ్‌గా మార్చు. స్వరం తిరిగి 200కు దిగుతుంది, కాకపోతే గొంతులో గరుకు చేరుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ గనక ఫుల్ వేవ్ గొణుగుడు 100 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఒక ప్లేటు పోతే హాఫ్ వేవ్ అయి 50కి దిగుతుంది. గొంతు దిగింది అంటే అదీ. ఆ కొట్టు ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. పెద్దాయనకు ఒక్క మాట చెప్పడానికి నేను ఆలస్యంగా తయారయ్యాను.

వినేటప్పుడు 50, 100 హెర్ట్జ్ జోలికి పోకు. లాప్‌టాప్ స్పీకర్లు అంత కిందికి పలకలేవు. పలకకపోతే నీ తరంగమే తప్పనుకుంటావు.

4. నువ్వు పెట్టనిది వినిపిస్తే తీగను తిట్టకు.

పదునైన మలుపు ఉచితంగా రాదు. రెండు గుట్టల మధ్య ఆ మొన తేలిన లోయ ఉంది చూశావా, దాన్ని గీయాలంటే అంతులేనన్ని హార్మోనిక్స్ కావాలి. వాటి బలం త్వరగా తగ్గుతుంది: ఒకటో దాన్ని 1 అనుకుంటే తర్వాతివి ఐదో వంతు, పన్నెండో వంతుకు కాస్త ఎక్కువ, ఇరవయ్యొకటో వంతు. తగ్గుతాయిగాని పోవు. సౌండు కార్డేమో సెకనుకు 44,100 బిందువులే పెడుతుంది. అందులో సగం, అంటే 22,050 హెర్ట్జ్, దాని పొలిమేర. గట్టు దాటబోయిన హార్మోనిక్ అవతల పడిపోదు. మడతపడి ఇవతలికే వస్తుంది.

ఇదంతా బోర్డు మీద చెప్పడం నాకు కొట్టినపిండి. అయినా ఒక సాయంత్రం 5,000 హెర్ట్జ్ సైన్‌ని రెక్టిఫై చేసి వింటుంటే సన్నటి కూత ఒకటి వినపడి, రెండు గంటలు తీగలు మార్చుకుంటూ కూర్చున్నాను. సోల్డరింగ్ మళ్లీ చేశాను. గ్రౌండ్ సరిగా లేదని గొణుక్కున్నాను. పదకొండేళ్ల మనవరాలు వచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకుని, "తాతా, ఇందులో చాలా కీచులున్నాయి, పైన ఒకటి, ఇంకా పైన ఒకటి" అంది. నాకు వినిపించింది ఒక్కటే. స్పెక్ట్రమ్ తీసి చూశాను. ఉండవలసినవి 10,000, 20,000. మూడోది 30,000 కావాలి, అది మడతపడి 14,100 దగ్గర నిలబడింది. నాలుగోది 40,000, అది మడతపడి 4,100కు వచ్చింది. డెబ్బై ఏళ్ల చెవికి పదివేలు వినపడదు, పద్నాలుగు వేల సంగతి సరేసరి. నేను తయారుచేసిన స్వరం నాకు వినపడనే లేదు. నేను పెట్టని 4,100 మాత్రం వినిపించింది.

మందేమిటంటే, ఎత్తయిన ఫ్రీక్వెన్సీల దగ్గర ఆబ్సల్యూట్ వాల్యూ మీట నొక్కకు. పొలిమేర లోపల ఉండే హార్మోనిక్స్‌ని మాత్రమే ఒక్కొక్కటిగా కలుపు. లోయ మొన కాస్త మొద్దుబారుతుంది. మొద్దుగా ఉన్నా అందులో దొంగస్వరం ఉండదు. తీగల్ని తిట్టిన ఆ రెండు గంటల్లో నేను చేయవలసిన పని స్పెక్ట్రమ్ తీయడం ఒక్కటే. పిల్లలకు ఎప్పుడూ చెప్పేదీ అదే.

5. భాగహారం సరిపోయే అంకె ఎంచుకో.

50 హెర్ట్జ్ అయితే ఒక ఆవృత్తికి 882 బిందువులు, ఒక్కో గుట్టకు 441. పేచీ లేదు. 1,000 హెర్ట్జ్ అనగానే ఒక ఆవృత్తికి 44.1 వస్తాయి. బిందువుకు పదో వంతు ఎక్కడ పెడతావు? లోయ మొన ఒకసారి బిందువు మీద, ఇంకోసారి రెండు బిందువుల మధ్య పడి తెరమీద వణుకుతున్నట్టు కనిపిస్తుంది. గుండ్రటి అంకెల మీద మోజు మానేసి 1,050 పెట్టు. ఆవృత్తికి 42, గుట్టకు 21. లేదా కార్డును 48,000కు మార్చుకో, అప్పుడు 1,000 కూడా కుదురుతుంది. ఒకే ఆవృత్తిని చేత్తో గీసి పదే పదే తిప్పేటప్పుడైతే మొదలూ చివరా అతకాలి, లేకుంటే ప్రతి చుట్టుకూ టక్కుమంటుంది. వాల్యూం చివరి గీతదాకా తిప్పకు, గుట్టల తలలు తెగుతాయి. కంప్యూటర్ గంట శబ్దాలన్నీ ఆపెయ్యి. నా తరంగం మధ్యలో ఒకసారి ఈమెయిల్ వచ్చిన శబ్దం దూరితే ఒక విద్యార్థిని దాన్నీ శ్రద్ధగా గ్రాఫ్‌లో గీసింది. ఆ అమ్మాయికి మాత్రం పూర్తి మార్కులు వేశాను.

6. మీటరును నిందించే ముందు దాన్ని ఏమడిగావో గుర్తుచేసుకో.

ఇంట్లో ఫ్యాను రెగ్యులేటర్ తరంగాన్ని తీసుకో. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్‌లో ట్రయాక్ ప్రతి అర్ధావృత్తిలోనూ కాసేపు ఆగి తలుపు తెరుస్తుంది. సరిగ్గా నడుమ, 90 డిగ్రీల దగ్గర తెరిస్తే గుట్టలో వెనక సగమే మిగులుతుంది. పైనా కిందా సమానంగా ఉంటుంది గనక సగటు సున్నా, కెపాసిటర్‌కు మింగడానికేమీ దొరకదు. సౌండు కార్డుతో నమ్మకంగా తయారుచేయగల తరంగం ఇది. తలుపు తెరిచే నిటారు గీత దగ్గర చిన్న వణుకు కనిపిస్తుంది, అంతే.

శిఖరం 1 వోల్టు ఉండేట్టు చూసి మీటర్లు పెట్టు. ట్రూ ఆర్ఎంఎస్ మీటరు 0.50 చూపిస్తుంది. మామూలు మీటరు 0.35 అంటుంది. రెండూ మంచి మీటర్లే. చవక మీటరు లోపల తరంగాన్ని తానే రెక్టిఫై చేసి, సగటు తీసి, దాన్ని 1.11తో గుణించి చూపిస్తుంది. ఆ 1.11 సైన్ తరంగానికి మాత్రమే చెల్లే గుణకం. దాని ముందు సైన్ కానిది పెట్టి సైన్ లెక్క అడిగింది మనం.

ఇది తెలియక నేను చేసిన పాపం ఉంది. ఒక ప్రాక్టికల్ పరీక్షలో ఎక్స్‌టర్నల్‌గా వెళ్లి, రెండు మీటర్లతో రెండు రీడింగులు రాసిన అమ్మాయిని "ఏది కరెక్టో నీకే తెలీదా?" అని వైవాలో నిలదీశాను. ఆమె ఒకటి కొట్టేసింది. కొట్టేసింది సరైన రీడింగును. నా ముఖం చూసి కొట్టేసింది.

7. గోడ సాకెట్‌నూ సౌండు కార్డునూ కలపకు.

ఇది చిన్న మాటే, కాని అన్నిటికంటే ముందు పాటించవలసింది. తయారుచేసిన తరంగం చూశాక అసలు తరంగం కూడా చూడాలనిపిస్తుంది, అది సహజం. నాకూ అనిపించింది. 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఒక్క రెసిస్టర్ అడ్డుపెట్టి కార్డు మైకు ఇన్‌పుట్‌లోకి ఇచ్చాను. ఆ మైకు రంధ్రానికి అలవాటైనవి మిల్లీవోల్టులు. రెసిస్టర్ కాలు జారి పక్క తీగకు తగిలింది. కార్డు పోయింది, దానితో మదర్‌బోర్డు కూడా. కాలేజీ రిజిస్టర్లో మాత్రం వోల్టేజి హెచ్చుతగ్గుల వల్ల చెడిపోయింది అని రాసి సంతకం పెట్టాను.

నువ్వు లైన్ ఇన్‌పుట్ వాడు. రెండు రెసిస్టర్లతో డివైడర్ కట్టి, ఇన్‌పుట్‌కు అడ్డంగా రెండు డయోడ్లు ఎదురెదురుగా పెట్టు, వోల్టేజి 0.7 దాటకుండా అవి కాపలా కాస్తాయి. లాప్‌టాప్ ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడుపు. 230 వోల్టుల తీగ బల్ల మీదికే రానివ్వకు. లాప్‌టాప్‌కు నేరుగా గుచ్చేకంటే కొన్ని వందల రూపాయల యూఎస్‌బీ సౌండు కార్డు ఒకటి కొనుక్కో, పోయినా అదొక్కటే పోతుంది. డయోడ్లు, జాక్‌లు కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్తే దొరుకుతాయి. ఆ వంకతో ఒక పూట కాలక్షేపం కూడా.

8. చెడిపోయిన తరంగాన్ని కూడా తయారుచెయ్యి.

సాఫ్ట్‌వేర్ ఇచ్చే గుట్ట మరీ అందమైనది. అసలు డయోడ్ అలా ఉండదు. సిలికాన్ డయోడ్ దారి వదలడానికి 0.6, 0.7 వోల్టులు సుంకం తీసుకుంటుంది. బ్రిడ్జిలో కరెంటు రెండు డయోడ్ల గుండా పోవాలి, సుంకం రెండింతలు. 9 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ శిఖరం 12.7 వోల్టులు, అందులో 1.4 పోతే 11.3. అంతేకాదు, రెండు గుట్టల మధ్య మొన తేలిన లోయ ఉండదు, చిన్న చదును ఉంటుంది. ప్రతి 10 మిల్లీసెకన్లలో దాదాపు 0.7 మిల్లీసెకన్ల సేపు ఏ డయోడూ పనిచేయదు. ఇదంతా సాఫ్ట్‌వేర్‌లో ఒక్క వరస: ఆబ్సల్యూట్ వాల్యూ తీసి, అందులోంచి 1.4 తీసెయ్యి, సున్నాకు కిందికి పోయినదాన్ని సున్నా చెయ్యి. కార్డుకు తగ్గట్టు మొత్తాన్ని కుదించుకో.

కస్టమ్ తరంగాల అసలు ప్రయోజనం నాకు ఇక్కడే కనిపించింది. బ్రిడ్జిలో ఒక డయోడ్ తెగిపోతే ఎలా ఉంటుంది? గుట్ట విడిచి గుట్ట మాయం. సెంటర్ ట్యాప్ ట్రాన్స్‌ఫార్మర్‌లో రెండు సగాలు సమానంగా చుట్టకపోతే? ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. స్పెక్ట్రమ్‌లో ఉండకూడని 50 హెర్ట్జ్ చిన్నగా తల ఎత్తుతుంది. గోడ సాకెట్‌లోని సైన్ కూడా ఇప్పుడు స్వచ్ఛమైన సైన్ కాదు. ప్రతి ఛార్జరూ, ప్రతి టీవీ శిఖరం దగ్గరే కరెంటు గుంజుకోవడంతో దాని తల కాస్త చదునవుతుంది. ఈ నాలుగు రోగాలూ నాలుగు ఫైళ్లుగా చేసి, పేర్లు చెప్పకుండా పిల్లల ముందు పెట్టి, జబ్బేమిటో చెప్పమంటాను. అర్ధగంట గోల. ఎవరో ఒకరు చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుని, "సార్, గొంతు దిగింది" అంటారు. ఆ రేడియో పెద్దాయన గదిలోకి వచ్చి కూర్చున్నట్టుంటుంది నాకు.

కాలేజీలో పనిచేసినన్నాళ్లూ నేను మంచి తరంగాలే చూపించాను. చెడిపోయిన సర్క్యూట్ బల్లమీదికి వస్తే తీసి బీరువాలో పెట్టేవాణ్ని. నా దగ్గర చదివి ఉద్యోగాలకు పోయిన వాళ్లకు మొదటి నెలలోనే చెడిపోయినవి ఎదురయ్యాయి. మా మేడ మీది నుంచి చూస్తే 2017 నవంబరు నుంచి మెట్రో రైలు కనిపిస్తుంది. పైన తీగలో 25,000 వోల్టుల ఏసీ, దాన్ని రెక్టిఫై చేసే పని రైల్లోనే జరుగుతుంది. దాని మరమ్మతు చూసేవాళ్లలో నా విద్యార్థులు ఎవరైనా ఉంటే, వాళ్లు నేర్చుకున్నది నా దగ్గర కాదు.

9. ఎర్రసిరా చెరగదు.

ఆ నల్లగొండ కుర్రాడి కోసం వెతికాను. రిటైరైన వాడికి పాత అటెండెన్స్ రిజిస్టర్లు ఎవరిస్తారు? అతని ఇంటిపేరు గుర్తుంది, పేరు సగమే గుర్తుంది. తోటి బ్యాచ్ వాళ్లు ఇద్దరు కలిశారు, వాళ్లకు ఆ సంగతే జ్ఞాపకం లేదు. అతనికి కూడా ఉండకపోవచ్చు. ప్రతి ఆదివారం కొత్తగా వచ్చినవాళ్లకు మొదటి ప్రయోగం అదే పెడతాను. గుట్టలు గీత కిందికి దిగిన తరంగం చూపించి, మోడల్ గ్రాఫ్ పక్కన పెట్టి, ఏది తప్పు అని అడుగుతాను. పది మందిలో ఎనిమిది మంది ఇంకా తెరదే తప్పంటున్నారు.

నువ్వు కూడా రా. తార్నాకలో మెట్రో దిగితే పది నిమిషాల నడక. ఒక పాత ఇయర్‌ఫోన్ తెచ్చుకో, తీగ కోయడానికి నీకు మనసొప్పేది. సోల్డరింగ్ ఐరన్ నా దగ్గర ఉంది, పదింటికల్లా వేడిచేసి పెడతాను.